జడ వేస్తూ అడిగిన మాట

దర్జీ పని చేసే ఆ తల్లి రోజూ పొద్దున్నే కూతురికి జడ వేస్తూ ఒకటే మాట అడిగేది: బడిలో ఆయా నిన్ను బీరువాలో పెట్టి తాళం వేసిందా అని. నాలుగేళ్ల పిల్ల నిద్రలో ఉలిక్కిపడుతోంది మరి. నిప్పు లేనిదే పొగ రాదు కదా.

మొదటిరోజు పిల్ల లేదంది. రెండోరోజు దువ్వెన చిక్కులో ఇరుక్కుంటే ఊఁ అంది. వారం తిరిగేసరికి బీరువాలోకి చీకటి వచ్చింది, కలరా ఉండల వాసన వచ్చింది, చెంపకు గుచ్చుకునే నీలం కోటు కూడా వచ్చింది. చూడనిది పసిబిడ్డ ఇంత పొల్లుపోకుండా చెబుతుందా అనుకుని తల్లి బడివాళ్లకు ఫిర్యాదు చేసింది. పదకొండేళ్లుగా అందరి పిల్లల ముక్కులూ తుడిచిన ఆయాను ఆ సాయంత్రమే మాన్పించారు.

ఆయా ఏడవలేదు, తిట్టలేదు. కుట్టుమిషను ఎదుటికొచ్చి నిలబడింది.

"అక్కా, బడిలో బీరువా ఎక్కడుందో నాతో వచ్చి చూపించు. అన్నీ తలుపుల్లేని అరలే కదా."

తల్లికి తన ఇల్లు గుర్తొచ్చింది. కలరా ఉండలూ, చనిపోయిన మామగారి నీలం కోటూ ఉన్న బీరువా తన పడకగదిలోనే ఉంది.

తన ఫిర్యాదు మీద విచారణకు రావలసిన పిల్లల డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పెవరిదో, పిల్ల ఎవరి చేతుల్లో క్షేమంగా ఉంటుందో తేల్చి రాసేది ఆయనే. ఆయన చెప్పిందేమంటే, జరిగింది గుర్తుచేసుకునే చోటూ, జరగనిది ఊహించే చోటూ మెదడులో చాలావరకు ఒకటేనట. ఏది ఏదో పసివాళ్లకు ఇంకా పూర్తిగా తెలియదట. అడిగినప్పుడల్లా మెదడు ఆ జ్ఞాపకాన్ని దొరికిన ముక్కలతో మళ్లీ కుడుతుందట.

"రేపు పొద్దున నేనొస్తాను. అందాకా ఇంకేమీ అడక్కమ్మా," అన్నాడాయన.

సరేనంది. కానీ తెల్లారి జడ విప్పేసరికి నాలుక ఆగలేదు. తప్పు కుట్టు పడితే విప్పి సరిచేయడమే ఆమె ఎరిగిన విద్య.

"నిన్ను ఆయా బీరువాలో పెట్టలేదు కదమ్మా?"

"ఆయా కాదు," అంది పిల్ల, బొమ్మకు జుట్టు దువ్వుతూ.

తల్లి గుండెల మీది బరువు దిగింది.

"నువ్వే. ఏడిస్తే తలుపు తీయనన్నావు. తాళం నడుములో దోపుకున్నావు."

తల్లి చెయ్యి తనకు తెలియకుండానే నడుము దగ్గరికి పోయింది. తాళాలగుత్తి చల్లగా తగిలింది. తనెన్నడూ అలా చేయలేదు. నవ్వులాటకైనా ఎప్పుడైనా అన్నానా అని గుర్తు తెచ్చుకోబోయింది. బీరువా తలుపు, లోపలి నుంచి చిన్న ఏడుపు, అన్నీ పిలిచినట్టే కళ్లముందుకు వచ్చాయి.

అంతలో ఎవరో వీధి తలుపు తట్టారు. డాక్టరే.

పిల్ల సగం జడతోనే లేచి, గడియ తీయడానికి పరుగెత్తింది.