అక్క నోరు విప్పాలంటే

లుపె ఎముకలకు పాకిన క్యాన్సర్ ఇక నయం కాదని పెద్దాసుపత్రివాళ్ళు తేల్చి ఇంటికి పంపిన రోజే, పక్క దీవి నుంచి ఆమె తమ్ముడు ఫిలిమోనె పడవెక్కి వచ్చి వరండాలో చాప పరిచాడు. అక్క ఆఖరి ఊపిరి వదిలేటప్పుడు తాను ఆ ఇంట ఉండాలి. దేవుణ్ణి అతను అడిగిందల్లా అదే.

గదిలోకి మాత్రం పోలేదు. టోంగా దీవుల్లో పుట్టినవాడెవడూ వయసొచ్చాక అక్క పడుకునే గది గుమ్మం తొక్కడు. ఒంటి బాధలు ఒకరి చెవిన ఒకరు వేసుకోరు. జుట్టు నెరిసినా కట్టుబాటు కట్టుబాటే. మధ్యలో గుడ్డ తెర ఒకటి, ఇవతల అతను, అవతల ఆమె.

నర్సు ఒఫా వచ్చినప్పుడల్లా అదే మాట అడిగేది.

"నొప్పి ఎలా ఉంది పెద్దమ్మా?"

"ఫర్లేదమ్మా. కాస్త సలుపు, అంతే."

మా అక్క గట్టి మనిషి అని వరండాలో ఫిలిమోనె పొంగిపోయేవాడు. ఎంత వెర్రివాడో!

ఆ రోజు మధ్యాహ్నం లుపె కూతురు వికా దిండు గలీబు తెచ్చి నర్సు ముందు పడేసింది. అంచు పొడుగునా పంటి గాట్లు, అక్కడక్కడా నెత్తురు. ఒఫా దాన్ని చూసి, ఫిలిమోనె పక్కన కూర్చుంది.

"మామయ్యా, నువ్వు కాసేపు ఎటైనా వెళ్ళిరా."

"నేనా? ఎందుకూ?"

"నువ్విక్కడుంటే ఆవిడ నోరు విప్పదు. నీకు వినబడుతుందని దిండు కొరుక్కుంటోంది. నొప్పి ఎంతుందో చెప్తేనే కదా, మందు ఎంతివ్వాలో నాకు తెలిసేది?"

"ఆ మార్ఫినేనా? పోయేవాళ్ళకిచ్చేదటగా అది. దాంతో ఇంకా తొందరగా పోతే?"

"తొందరగా పంపడానికి రాలేదు మామయ్యా నేను. ఉన్నన్నాళ్ళూ మనిషిలా ఉండనివ్వడానికి వచ్చా. కొలిచే ఇస్తాను, పక్కనే కూర్చుంటాను."

"మరి నేను అటు వెళ్ళినప్పుడే ప్రాణం పోతే?"

ఒఫా తల దించుకుంది. "పోవచ్చు. పోదని అబద్ధం చెప్పలేను."

ఫిలిమోనె కదల్లేదు. అక్కడి ఆచారంలో మేనమామను ఎంత మాటైనా అనే హక్కు మేనకోడలిది. వికా ఆ హక్కు వాడుకుంది.

"కాపలా కుక్కలా ఇక్కడే కూర్చో! మా అమ్మ నీ మర్యాద కోసం నోరు కుట్టుకుని చస్తోంది. చచ్చేలోగా ఒక్కసారి ఏడవనీ మామయ్యా."

అతను లేచి వల భుజాన వేసుకున్నాడు. "అక్కా, చేపలకెళ్తున్నా!" అని తెరకేసి అరిచాడు.

ఆటు వేళ, సముద్రం చాలా దూరం వెనక్కి తగ్గి ఉంది. బురదలో ఒరిగిన పడవ దగ్గర నిలబడ్డాడు. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత ఇంటివైపు నుంచి కేక వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అక్క నోట అలాంటి గొంతు అతను వినలేదు. ఒకదాని వెనక ఒకటి, ఇన్నాళ్ళూ దాచినదంతా బయటికి వస్తోంది. ఈ నొప్పికి అడ్డంగా కూర్చుని కాపలా కాసింది తానేనని తెలిసి సిగ్గుతో కుంగిపోయాడు. కాళ్ళు ఇంటివైపు తిరిగాయి. పడవ అంచు పట్టుకుని వాటిని ఆపాడు.

కేకలు ఆగిపోయాయి.

మందు పట్టిందా? ప్రాణమే పోయిందా? కేకలే నయమనిపించింది. ఓపిక ఉన్నంతసేపు ఆగి, ఇక ఆగలేక వల అక్కడే పారేసి పరిగెత్తాడు. వరండా మెట్ల మీద వికా మోకాళ్ళలో ముఖం పెట్టుకుని కూర్చుంది.

"తమ్ముడూ," అంది తెర వెనక నుంచి ఒక గొంతు. నిద్ర మత్తులో ఉన్నా, తేటగా ఉంది. "చేపలు పడ్డాయా?"

ఫిలిమోనె గోడకు చేరగిలబడ్డాడు. ఏడుపు వినబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేశాడు.

"ఒక్కటీ పడలేదక్కా."

"నీళ్ళు లేనప్పుడు వెళ్తే ఏం పడతాయిరా పిచ్చోడా."

లోపల ఒఫా నవ్వింది.

"రేపు కూడా వెళ్ళు," అంది లుపె. "రోజూ వెళ్ళు."

అలా వెళ్ళిన ఏదో ఒక పూట తిరిగొచ్చేసరికి అక్క ఉండదని అతనికి తెలుసు. ఆమెకూ తెలుసు.

"వెళ్తానక్కా," అన్నాడు.