ఇన్‌వర్డు ముద్రలు పడ్డ సర్వరు

నేను ఒక కంప్యూటర్ని. వయసు పద్నాలుగేళ్ళు. ఒక జిల్లా సర్వే ఆఫీసులో ముగ్గురు అధికారుల బల్లలు ఎక్కి దిగి, చివరికి బీరువా పక్కన టీ ఫ్లాస్కు పెట్టుకునే పీటగా స్థిరపడ్డాను. ఆ పని కూడా శ్రద్ధగానే చేశాను. ఎవరూ మెచ్చుకోలేదు.

నన్ను మళ్ళీ లేపింది కాంట్రాక్టు ఆపరేటరు గౌరీశ్వరి. ఆ నెలాఖరుతో ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. అప్పట్లో పన్నెండు మండలాల పొలాల పటాలు పెన్‌డ్రైవుల్లో బస్సెక్కి వచ్చేవి. సగం దారిలోనే పాడయ్యేవి. సూపరింటెండెంటు సన్యాసిరావు గారు సోమవారం ఆమెను పిలిచారు.

"చూడమ్మా, శుక్రవారంలోగా పటాలన్నీ నెట్టులోనే వచ్చీలాగ చెయ్యి. నీ రెన్యువల్ సంగతి నేను రాస్తాను. కొత్త మిషను మాత్రం అడక్కు."

ఆమె నా దుమ్ము దులిపింది. నేను మోయలేని పాత సాఫ్ట్‌వేరు తీసేసి తేలికైనది ఎక్కించి, నన్ను సర్వరును చేసింది. మండలానికో ఫోల్డరు, ఫోల్డరుకో పాస్‌వర్డు. మంగళవారం మొదటి పటం నా డిస్కులో పడగానే ఆమె ముఖం వెలిగింది.

తపాలా గుమాస్తా తవిటినాయుడు ముఖం మాత్రం వెలగలేదు. ఆ ఆఫీసులో ఇన్‌వర్డు ముద్ర పడనిదేదీ వచ్చినట్టు కాదు.

"ముద్దర లేకుండా వచ్చింది వచ్చినట్టెలగవుద్ది పాపా? ఏదీ, సూపించు, గుద్దీసి పోతాను."

"లోపలుంది బాబాయ్."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ముద్రను సిరాలో అద్ది నా డొక్కలో ఠపీమని గుద్దాడు, తేదీతో సహా.

బుధవారానికి నా ఒంటి మీద తొమ్మిది ముద్రలు. అదీ చాలక, మండలానికో మనిషి బస్సులో వచ్చి "పటం పంపడమైనది" అన్న ఉత్తరం ఇచ్చి వెళ్ళేవాడు. ఎందుకైనా మంచిదని దానితో పాటు ఒక పెన్‌డ్రైవు.

గౌరీశ్వరి విసుక్కోలేదు. వచ్చిన ఫైళ్ళ జాబితా అచ్చు తీసి నాయుడు ముందు పెట్టింది. "దీని మీద గుద్దండి బాబాయ్." ఆయనకు కాగితం దొరికింది, నా డొక్క బతికింది. శుక్రవారం మధ్యాహ్నానికి పన్నెండు మండలాలూ చేరాయి. ఒక్క పటం చెడలేదు.

సన్యాసిరావు గారు మాట తప్పే మనిషి కాదు. రెన్యువల్ సంగతి రాశారు: "సర్వరు తనంతట తానే పనిచేయుచున్నది. కావున ఇకపై ఆపరేటరు అవసరము లేదని మనవి."

"అదేటి సార్, మీరే కదా..." అంది గౌరీశ్వరి.

"నీ పని బాగోలేదని రాసేనా అమ్మా? బాగుందనే కదా రాసేను!" అన్నారాయన, నిజంగానే నొచ్చుకుని.

ఆమె వెళ్ళిపోయింది. పటాలు వస్తూనే ఉన్నాయి. ఆ శుక్రవారం ఒక్క పూట నేను మొరాయించి ఉంటే ఆమె ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉండేది. అంత తెలివి ఆమె నాలో ఎక్కించలేదు.