చెరో రెక్క

విజయనగరంలో పాత ఇల్లు కూలుస్తున్నారంటే ఆ కబురు ముందు దేముడమ్మకి అందుతుంది, తరవాతే పక్కింటివాళ్ళకి. జేసీబీ వచ్చి గోడలు పెకలించకముందే తలుపులు, కిటికీలు, దూలాలు, నగిషీ స్తంభాలు జాగ్రత్తగా విప్పించి తన కలప డిపోకి చేర్చడం ఆవిడ వృత్తి. భర్త పోయాక ముప్ఫై ఏళ్ళుగా అదే పని. వేలి కణుపుతో చెక్క మీద రెండుసార్లు కొట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, టేకో మద్దో ఇట్టే చెప్పేస్తుంది. నోరు మాత్రం మహా గట్టిది. ఆవిడతో ఒకసారి బేరమాడినవాడు రెండోసారి వచ్చేటప్పుడు పెళ్ళాన్ని తోడు తెచ్చుకుంటాడని డిపో వీధిలో వాడుక.

ఆవిడ విప్పించిన తలుపులు భీమిలి రిసార్టుల్లో ఉన్నాయి, విశాఖపట్నం హోటళ్ళలో ఉన్నాయి. ఒక్కదాని దగ్గరా ఆవిడ పేరు లేదు. ఉండాలని ఆవిడకీ ఎప్పుడూ తోచలేదు, కాలేజీలో చరిత్ర చెప్పే అనిత మేడం డిపోకి వచ్చేదాకా.

"పాత ఇళ్ళ పనితనం పిల్లలకి చూపించడానికి కాలేజీలో ఒక గది ఏర్పాటు చేస్తున్నాం అమ్మా. మంచి సింహద్వారం ఒకటి చూసిపెట్టండి. పక్కనే కార్డు పెడతాం, 'సేకరణ: దేముడమ్మ' అని," అంది అనిత.

"నా పేరెందుకులెండి," అంది దేముడమ్మ పైకి. లోపల మాత్రం ఆ మాట బెల్లంముక్కలా ఉండిపోయింది. అన్నం వారుస్తూ ఒకసారి, బట్టలారేస్తూ ఒకసారి, 'సేకరణ: దేముడమ్మ' అనుకుంది. ఏం, అనుకోకూడదా? ముప్ఫై ఏళ్ళుగా 'పాతసామాన్లావిడ' అని పిలిస్తే పలికిన మనిషి!

అదృష్టం కలిసొచ్చినట్టే, కోట దగ్గర వీధిలో నరసింగరావు ఇల్లు కూల్చివేతకొచ్చింది. అపార్టుమెంటు కట్టేవాళ్ళు కలపంతా విప్పుకోమన్నారు. ఆ ఇంటి సింహద్వారం గురించి దేముడమ్మ చిన్నప్పటి నుంచీ వింటోంది. ఒక్కో రెక్క మీద ఒక్కో చిలక. ముక్కూ ముక్కూ ఆనించి మధ్యలో ఒక మామిడిపండుని పట్టుకుంటాయి. తలుపు మూస్తే పండు, తీస్తే రెండు చెక్కలు. ఆ పని చేసిన వడ్రంగి చేతులకి మొక్కాలని ఆవిడ తండ్రి అంటూండేవాడు. తీరా వెళ్ళి చూస్తే ఏముంది, గుమ్మానికి ఒక్కటే రెక్క. రెండోదాని చోట తుప్పుపట్టిన రేకు.

"ఇదేటి బాబూ?" అంది దేముడమ్మ నోరు తెరిచి.

"వాటాలప్పుడు సెరో రెక్కా పంచీసుకున్నాం," అన్నాడు నరసింగరావు, అందులో వింతేముందన్నట్టు.

పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. అన్నదమ్ములకి ఇల్లూ పొలమూ తెగాయి, బిందెలూ గరిటెలూ తెగాయి, తలుపు దగ్గర మాత్రం తెగలేదు. తాత చేయించిన తలుపు నాకంటే నాకని మూడు రోజులు కొట్టుకుంటే, పెద్దమనుషులు విసిగిపోయి "చెరో రెక్కా పట్టుకుపోయి ఊరేగండి" అన్నారు. వాళ్ళు తిట్టిన తిట్టు అది. వీళ్ళు తీర్పనుకున్నారు! అన్న జగన్నాధం తన రెక్కని వ్యాను మీద వేసుకుని శ్రీకాకుళం పక్కన అరసవల్లి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఒంటి రెక్క పెట్టలేమని అనిత మెత్తగానే చెప్పింది. గది గురువారం తెరుస్తారట. దేముడమ్మ మర్నాడే ట్రాలీ ఆటో మాట్లాడుకుని అరసవల్లి బయల్దేరింది.

జగన్నాధం ఇంట్లో రెక్క ఉంది. రెక్క మీద జగన్నాధం ఉన్నాడు. నాలుగు సిమెంటు దిమ్మల మీద పరిచి దాన్ని మంచం చేసుకున్నాడు, నడుంనొప్పికి చెక్క మంచిదని ఎవరో చెప్పారట. చెక్కడం దిమ్మలకి రాసుకుని పాడవకుండా చిలకని పైకి పెట్టుకున్నాడు.

"నడుం సంగతి దేవుడెరుగు, ఈపు మీద సిలక అచ్చు పడిపోనాది," అంది ఆయన భార్య ధనలక్ష్మి. "సొక్కా ఇప్పితే సూడలేకపోతన్నాను. పట్టుకెళ్ళిపో తల్లీ, నీకు పున్నెముంటాది."

"ఒసే, నువ్వూరుకో," అని జగన్నాధం లేచి కూర్చున్నాడు. "నానివ్వను దేముడమ్మా. ఇస్తే ఏటవుతాది? ఆడి రెక్క పక్కన పెడతావు. తలుపంతా ఆడిదేనని ఊరనుకుంటాది."

"కాలేజీలో పెడతారు బాబూ. పక్కన కార్డు కూడా ఉంటాది."

"కార్డు మీద పేరెవులిది?"

దేముడమ్మ తల తిప్పి రెక్క కేసి చూసింది. చిలక ముక్కు దగ్గర సగం పండు, పంతొమ్మిదేళ్ళ చెమటకి నల్లబడి ఉంది. అక్కడొకటి రేకు పక్కన ఎండుతోంది, ఇక్కడొకటి నడుం కింద నలుగుతోంది. ఇంకో పదేళ్ళు పోతే రెండూ పొయ్యిలోకే.

"మీదే బాబూ," అంది. అనేశాక ఏడుపొచ్చినంత పనైంది. జగన్నాధం మాత్రం చెంగున లేచి, నడుంనొప్పి ఊసే లేకుండా ఒక చివర తనే పట్టుకుని రెక్కని ఆటో ఎక్కించాడు.

తిరిగొచ్చేసరికి కబురు ముందే చేరి విజయనగరంలో నరసింగరావు అడ్డం తిరిగాడు. "మావోడి పేరు రాస్తారంట గదా! అయితే నా రెక్క మీద సెయ్యెయ్యకు."

"మీ పేరే రాస్తారు బాబూ," అంది దేముడమ్మ. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఈవిడ అబద్ధం ఊరికొకటి చొప్పున రెండు ముక్కలుగా ఉంది. ఇంటికొచ్చి అనితకి ఫోను చేసి, "ఇద్దరి పేర్లూ రాసీండి మేడం, నాది ఒద్దు," అని, కారణం అడిగేలోపు పెట్టేసింది.

గురువారం అన్నదమ్ములిద్దరూ ఇస్త్రీ చొక్కాలేసుకుని కాలేజీకి వచ్చారు. ద్వారబంధం అప్పటికే నిలబెట్టి ఉంది. ఇద్దరూ చెరో పక్కా నిలబడ్డారు, మధ్యలో దేముడమ్మ.

"దేముడమ్మా, ఆయనకి సెప్పు, ముందు పైన బొడిపె గూట్లోకి ఎక్కించాలని," అన్నాడు నరసింగరావు.

"దేముడమ్మా, ఆడికి సెప్పు, నాకు తెలుసునని," అన్నాడు జగన్నాధం.

"నానేటి మీ మద్దెన టెలిఫోను తీగనా? మూడడుగుల్లో ఉన్నారు, సెవుల్లేవేటి?" అని కసిరింది దేముడమ్మ.

అంతలో పనివాళ్ళ చేతిలో రెక్క జారింది. "అన్నయ్యా, కాలు!" అని నరసింగరావు అరిచాడు. జగన్నాధం కాలు లాక్కున్నాడు. రెక్క నేలకి దబ్బున తగిలి నిలబడింది. నరసింగరావు తను చేసిన తప్పేదో తెలిసినట్టు గోడకేసి చూశాడు.

తీరా మూసేటప్పుడు ఇంకో పేచీ. తమ్ముడి రెక్క ముందు మూస్తేగానీ అన్న రెక్క దాని మీదికి వచ్చి కూర్చోదు.

"పెద్దోణ్ణి నానుండగా నీది ముందేట్రా?" జగన్నాధం తిన్నగా తమ్ముడి మొహం మీదే అన్నాడు.

"తాత సేయించిందే అలగ! ఆయన్నడుగు!"

తాత లేడు కనక తలుపు మాటే చెల్లింది. తమ్ముడి రెక్క ముందు, అన్న రెక్క తరవాత పడ్డాయి. రెండు చిలకలూ ముక్కులు కలిపాయి. పండు నిండుగా, వెంట్రుకవాసి సందు లేకుండా కలిసింది. దేముడమ్మ గుండె పొంగిపోయింది. అన్నదమ్ములు కాసేపు దాన్నే చూశారు, ఆనక కార్డు కేసి చూశారు.

"జగన్నాధం, నరసింగరావు... ఇద్దరి పేర్లా? నా ఒక్కడిదే అన్నావు గదే!" అన్నాడు జగన్నాధం.

"నాకూ అలాగే సెప్పింది! అయినా నా పేరు ఎనకాలేటి? మూసినప్పుడు నాదే గదా ముందు!"

ఇద్దరూ దేముడమ్మ మీదికి తిరిగారు. ఆవిడ పని అడకత్తెరలో పోకచెక్కయింది. ఐతే ఆ పోకచెక్కకి నోరుంది.

"అవును, అబద్ధమాడినాను! ఏటి సేస్తారు? నా పేరు నానే కొట్టీసుకుని మీ పేర్లు రాయించినాను. అంత మంచి తలుపుని ఒకడు రేకుతో కాపురం పెట్టించినాడు, ఒకడు దాని మీద బొర్లినాడు. సిగ్గు లేదేటి? కావాలంటే పట్టుకుపొండి మళ్ళీ, సెరో రెక్కా!"

అనిత బిక్కమొహం వేసింది.

"ఆడి పేరున్న కార్డు మీద నా పేరొద్దు," అన్నాడు జగన్నాధం చివరికి.

"నాకూ అంతే," అన్నాడు నరసింగరావు.

పంతొమ్మిదేళ్ళలో అన్నదమ్ములు ఏకమైన మొదటి మాట అదే.

"మరి ఎవరి పేరు రాయమంటారు?" అంది అనిత నీరసంగా.

"ఈవిడదే రాసీండి," అన్నాడు నరసింగరావు. "అటూ ఇటూ తిరిగి సచ్చింది ఈవిడే గదా."

"అదీ మాట," అన్నాడు జగన్నాధం.

అనిత పాత కార్డు తీసేసి కొత్తది అందుకుంది. కలం మూత తీసి, "మీ ఇంటిపేరేంటమ్మా?" అని అడిగింది.

దేముడమ్మ ముప్ఫై ఏళ్ళలో ఎన్నో ఇళ్ళు విప్పింది, ఒక్కరూ ఆవిడ ఇంటిపేరు అడిగిన పాపాన పోలేదు. కళ్ళలో నీళ్ళు జలజలా రాలాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"లెంక," అంది. "లెంక దేముడమ్మ."

అనితకి వినబడింది, రాసుకుంది కూడా. అయినా దేముడమ్మ గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పింది.