ఎముకలో చుక్కలు

సకలజనుల సమ్మె రోజుల్లో సిద్దిపేట రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. పప్పు గుండిగ దించబోయి దత్తాత్రి జారి పడ్డాడు, చెయ్యి వాచింది. అసలే మగ్గం నేసే చెయ్యి. పోలీసులు ఆ సరికి ఇంకా చాయ్ తాగుతూనే ఉన్నారు.

ఎక్స్‌రే తీస్తే ఎముక విరగలేదు గానీ, మణికట్టు నిండా బియ్యం గింజలంత తెల్లచుక్కలు కనబడ్డాయి. తీసినతను మొహం అదోలా పెట్టి, "క్యాన్సరయినా కావచ్చు, పెద్ద డాక్టర్‌కు సూపియ్యి" అన్నాడు. 

హైదరాబాద్ పోదామంటే బస్సులు లేవు. జీపు మాట్లాడి పెట్టమని సమ్మె దీక్షా శిబిరం నడిపే నాయకుడు అరుణ్‌కుమార్ దగ్గరికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాడు, క్యాన్సర్ మాటతో సహా. అరుణ్‌కుమార్ ఫిలిం ఎండకు ఎత్తి చూశాడు. ఆయన చదివింది బీకాం, అదీ సగమే.

"గివి పోలీసులు కాల్చిన పెల్లెట్లే దత్తన్నా."

"పప్పుల జారి పడ్డనన్నా నేను."

"గది నీకెరుక, నాకెరుక."

ఫిలిం దీక్షా శిబిరంలో వేలాడింది. రోజూ దత్తాత్రి పోయి ఫిలిం ఇమ్మని అడిగేవాడు. రోజూ మెడలో బంతిపూల దండ వేసి, ఆ ఫిలిం కిందే కూర్చోబెట్టేవారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. "ఎల్లుండి ఢిల్లీ కమిటీ వస్తది, సూపిచ్చినంక తీస్కపో" అనేవాడు అరుణ్‌కుమార్. ఆ ఎల్లుండి ఎంతకూ రాలేదు.

తొమ్మిదో రోజు డాక్టర్లు సంఘీభావానికి వచ్చారు. వాళ్లలో ఎముకల డాక్టర్ సుచిత్ర ఉంది. అరుణ్‌కుమార్ ఉత్సాహంగా ఆమెకు మైకు, ఫిలిం అందించాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఇవి పెల్లెట్లు కావు," అంది మైకులోనే. "క్యాన్సర్ గూడ కాదు. పుట్టుకతోటే ఉంటయి, యాభై వేలమందిల ఒక్కరికి. మందు అక్కరలేదు. మంచిగ మగ్గం నేసుకోవచ్చు."

ఎవరో మైకు వైరు పీకారు. దత్తాత్రి అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. భార్య పోశమ్మ కొంగుతో అతని మొహం తుడిచింది. జనం మాత్రం కొంచెం చిన్నబోయారు.

"ముందుగాల తెల్వకపాయె వదినా," అని నసిగాడు అరుణ్‌కుమార్. "నిన్ననే ఫ్లెక్సీ గూడ కొట్టిచ్చినం."

శిబిరం వెనక చుట్టి పెట్టినదాన్ని పోశమ్మ లాగి విప్పింది. పన్నెండడుగుల దత్తాత్రి. కింద 'అమరుడా, జోహార్'. తేదీ వేసే జాగ ఖాళీగా ఉంది.

 పోశమ్మ తిట్టనూ లేదు, శాపనార్థాలు పెట్టనూ లేదు. ఫ్లెక్సీని మళ్లీ చుట్టి చంకన పెట్టుకుంది.

"గదెందుకు వదినా?"

"మగ్గం కాడ ఇల్లు కురుస్తది. పైన కప్పుకుంటం."

ఆ ఏటి వానలకు మగ్గం తడవలేదు. అమరుడు ఆ ఫ్లెక్సీ కిందే కూర్చుని నేశాడు.