దుప్పటి కప్పిన రిసీవర్

రాయచూరు బజారులో యోగానంద్ ఎలక్ట్రానిక్స్ కొట్టుకి ఒక పేరుంది, అక్కడ సామాను అమ్మేవాడే దాని లోపం కూడా చెబుతాడని. "గుణం చెప్పి అమ్మితే ఒకసారొస్తడు. అవగుణం చెప్పి అమ్మితే జల్మంత వస్తడు" అనేవాడు యోగానంద్. తోటి వ్యాపారులు వెనకాల నవ్వుకునేవాళ్లు.

థర్మల్ ప్లాంటు ఉద్యోగి వీరబాబు భార్యను వెంటబెట్టుకొచ్చి హోమ్ థియేటర్ అడిగినప్పుడూ అదే వరస. వీరబాబుది సింధనూరు కాలువ కింద వరి పండించే కుటుంబం. మాటలో మర్యాద కారిపోతుండేది. స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే నల్లటి రిసీవర్ పెట్టె మీద యోగానంద్ చెయ్యి వేశాడు.

"దీని గుణం ఏందంటే సార్, ఫైటింగ్ వస్తే గోడలు అదరాలె. ఇంట్ల పక్కల మనిషి మొత్తుకున్నా ఇనరాదు. ఇగ అవగుణం. దీనికి ఉడుకు పడదు. మీద గాలి ఆడకుంటే తనంతల తానే బందైతది. మీ క్వార్టర్స్‌ల బూడిద పడ్తదని దుప్పటి గిట్ల కప్పకుండ్రి."

"కప్పితే ఎంతసేపటికి ఆగిపోద్దండి?" అని అడిగింది వీరబాబు భార్య తిరుపతమ్మ. కొట్టుకొచ్చిన దగ్గర్నుంచి ఆమె నోరు విప్పింది అప్పుడే.

"అరగంట. మంచి మాట అడిగినవమ్మా" అని యోగానంద్ మెచ్చుకున్నాడు. మెచ్చుకోడానికేం, నోరు మనదే.

వేసవి ముదిరేసరికి వీరబాబు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆదివారం సినిమా పెట్టుకుంటే చాలు, మధ్యలో సెట్టు ఆగిపోతోందట. యోగానంద్ వెళ్లేసరికి అతను వరండాలో ఎవరితోనో ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. లోపలికి వెళ్లమని చేత్తో సైగ చేశాడు.

ఆ క్వార్టర్స్‌లో చిమ్నీ బూడిదకు భయపడి టీవీకీ మిక్సీకీ కూడా గుడ్డ కప్పుతారు. రిసీవర్ మీదా కుట్టుపని చేసిన పల్చటి గుడ్డ ఉంది, అందరిళ్లలో ఉండేలాంటిదే. దాని కింద చెయ్యి పెడితే మడతలు పెట్టిన దుప్పటి తగిలింది. యోగానంద్‌కి నవ్వొచ్చింది.

"ఏందమ్మా, అంతగనం చెప్పినా..."

"మెల్లగా అన్నయ్యా." తిరుపతమ్మ వరండా వైపు చూస్తూ దగ్గరికొచ్చింది. "ఆయన సౌండు పెంచాకే కొడతారండి. ఇది ఆగిపోతే, నా అరుపు పక్కింటి బసవమ్మగారికి వినపడుద్దని వదిలేస్తారు. దుప్పటి సంగతి చెప్పకండి."

యోగానంద్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ పెట్టె గుణాన్ని వీరబాబు ముందు తానే పొగిడిన సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

"మీ నాయనోళ్లింటికి పోరాదా చెల్లే?"

"మా ఊరు గోరేబాళ వెళ్లానండి. సర్దుకుపొమ్మని మా నాన్నే మళ్లీ బస్సెక్కించాడు."

సర్దుకుపొమ్మనేవాళ్ల ఒంటి మీద ఎప్పుడూ దెబ్బ పడదు కదా. ఇంతలో వీరబాబు లోపలికొచ్చాడు. "ఏమైందండీ యోగానంద్ గారూ?"

దుప్పటి అప్పటికే తిరుపతమ్మ చేతికి పోయింది. "లోపల బోర్డు పోయింది సార్. కంపెనీకి పంపాలె. శాన దినాలు పడ్తది" అన్నాడు యోగానంద్. సామాను విషయంలో అతను అబద్ధమాడటం అదే మొదలు. రిసీవర్ పెట్టెను చంకలో పెట్టుకుని బయటపడ్డాడు. సౌండే లేకపోతే వీడెలా కొడతాడో చూద్దామనుకున్నాడు. పాము కోరలు పీకి తెచ్చినంత సంబరంగా ఉంది. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

కొన్నాళ్లకి తిరుపతమ్మ ఒక్కతే బస్సు దిగి కొట్టుకొచ్చింది. అంత ఎండలోనూ మెడచుట్టూ కొంగు కప్పుకుంది. పెదవుల చివర రెండు పక్కలా చీరుకుపోయి ఉంది.

"సెట్టు తిరిగిచ్చేయండి అన్నయ్యా."

"అది లేకుంటే కొట్టడనుకుంటి గదమ్మా!"

"సౌండు లేదు కదండీ. తలుపులన్నీ వేసి, ఆ దుప్పటే నా నోట్లో కుక్కుతున్నారు. ఇదుంటే మధ్యలో ఆగిపోయేది."

యోగానంద్ స్టూలు మీద కూలబడ్డాడు. తను చేసిన మేలు ఇదన్నమాట. పోలీసు స్టేషనుకు తోడొస్తానన్నాడు. బసవమ్మతో మాట్లాడతానన్నాడు. వీరబాబు పై ఆఫీసర్లకు చెబుతానన్నాడు. ఆమె అన్నీ ఓపిగ్గా విన్నది.

"వాళ్లొస్తారు, మాట్లాడి వెళ్లిపోతారు. తలుపేసుకున్నాక ఆ ఇంట్లో ఉండేది నేనే కదండీ."

అతను సెట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తిరుపతమ్మ దాని మీద చెయ్యి వేసి, వేడి చూసుకుంటున్నట్టు కాసేపు అలాగే ఉంచింది.

"ఇంకా తొందరగా ఆగిపోయేలా చేయగలరా? అరగంటంటే చాలాసేపండి."

యోగానంద్ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. మూత విప్పి, పెట్టెను చల్లబరిచే చిన్న ఫ్యాను వైరు పీకేసి, మళ్లీ బిగించాడు.

"పావుగంట. ఇంతకంటె తక్కువ నాతోని కాదమ్మా."

బేరం కుదిరినట్టు ఆమె తల ఊపింది.