సూప్ గిన్నె వైపు వాలిన వైన్

పన్నెండు కొట్టేసరికి ఒదెత్ తన పూటకూళ్ళ ఇంట్లో బల్లలన్నీ సర్దేస్తుంది. ముందు గ్లాసులో ఎర్ర వైన్ పోసి, తర్వాత వంటకం తెచ్చి పక్కన పెడుతుంది. వైన్ ఆ వంటకం వైపు వాలిందంటే ఆ రెండింటికీ జత కుదిరినట్టే. గ్లాసు కదలదు, లోపల వైన్ మాత్రం ఒరుగుతుంది. పై ఊరివాళ్ళు బల్ల ఎగుడుదిగుడుగా ఉందనుకుని కాలి కింద కాగితం మడిచి పెడుతుంటారు. పెట్టుకోనీ అని ఊరుకుంటుంది ఒదెత్.

ఫ్రాన్స్ దక్షిణాన, గాస్కనీలో మా వైపు వైన్‌కి తీపి అన్నది ఉండదు. వగరుకి నాలుక పట్టేస్తుంది. కొవ్వున్న తిండి పడితే గానీ ఆ వగరు దిగదు.

ఏటా చలి మొదలవగానే ఒదెత్ ఎవరో ఒకరి తోట వైన్‌ని ఆ ఏడాదికి ఎంచుకుంటుంది. ఈసారి లెయోంతీన్ సీసా పట్టుకొచ్చింది. మొగుడు మార్సెల్ పోయాక ఒంటిచేత్తో చేసిన మొదటి వైన్ అది. అది దేనివైపూ వాలకపోతే ద్రాక్షతీగలు పీకేసి మొక్కజొన్న వేసుకోవచ్చని మరిది ఫిర్మిన్‌కి తనే మాటిచ్చింది. ఫిర్మిన్ అప్పుడే విత్తనాలు కూడా తెచ్చి పెట్టుకున్నాడు.

ముందు సూప్ వచ్చింది. క్యాబేజీ, తెల్ల చిక్కుడు గింజలు, బాతు ఎముకలు వేసి పొద్దుటినుంచీ కాచింది. గిన్నెలు తీసేశాక గానీ కొత్త సీసా తెరవరు. అది మా పద్ధతి. లెయోంతీన్ మాటల్లో పడి సూప్ సగమే తాగింది. పారేయడం ఇష్టంలేక గిన్నె పక్కన బెంచీ మీద పెట్టుకుంది.

ఒదెత్ సీసా తెరిచి గ్లాసు నింపింది. బాతు తొడ తెచ్చి పెట్టింది. వైన్ కదల్లేదు. గొర్రెపిల్ల మాంసం పెట్టింది. కదల్లేదు. గొర్రెపాల జున్ను పెడితే దానికి దూరంగా కాస్త అవతలికి జరిగింది.

"వదినా, నీ వైన్ నిద్రపోతోందేమో చూడు," అన్నాడు ఫిర్మిన్.

"నిద్ర కాదు, అలక," అంది లెయోంతీన్. " ఆకలి దానికి బాగానే ఉంది. దానికి నచ్చే తిండే మీరింకా పెట్టలేదు."

"ఇంకేముందమ్మా నా వంటింట్లో?" అంది ఒదెత్. "నన్నుగానీ వండి పెట్టమంటావా?"

"నువ్వు ఉడకవులే."

ఫిర్మిన్ లేచి కోటు తొడుక్కుంటున్నాడు. "సోమవారం ట్రాక్టర్ తెస్తాను వదినా."

"తెద్దువుగాని. సూప్ తాగనీ ముందు," అని లెయోంతీన్ చల్లారిన గిన్నె తీసి బల్ల మీద పెట్టింది.

గ్లాసులో వైన్ ఒరిగింది. అంచుదాకా వచ్చింది. అక్కడా ఆగలేదు. సన్నటి ధారగా గ్లాసు దిగి, బల్ల మీదుగా పాకి, గిన్నె ఎక్కి, మిగిలిన సూప్‌లో కలిసిపోయింది.

గిన్నె అడుగున మిగిలిన సూప్‌లో వైన్ పోసుకుని గిన్నె ఎత్తి తాగడం మా మగవాళ్ళకి అలవాటు. చాబ్రో అంటాం. మార్సెల్ రోజూ తోటలో కూర్చుని తాగేవాడు. ఆడవాళ్ళు తాగరు. లెయోంతీన్ రెండు చేతులా గిన్నె ఎత్తి, గటగటా తాగి, మూతి తుడుచుకుంది.

ఒదెత్ సీసా తీసుకెళ్ళి ఆ ఏడాది వైన్ పెట్టే అరలో పెట్టింది. వచ్చేటప్పుడు సూప్ కుండ మోసుకొచ్చింది.

ఫిర్మిన్ కోటు ఒక చెయ్యి తొడుక్కుని, ఇంకో చెయ్యి వేలాడేసుకుని నిలబడ్డాడు. అన్న తాగినన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని తాగినవాడు అతను.

"నాకో గిన్నె ఇవ్వు ఒదెత్," అన్నాడు. "వదినా, ఆ సీసాలో ఇంకా ఉందా?"

"ఉంది. ముందు కోటు విప్పు."

ఆ మొక్కజొన్న విత్తనాలు ఫిర్మిన్ బాతులు తిన్నాయి. మరుసటి చలికాలానికి ఆ బాతులే ఒదెత్ కుండలోకి వచ్చాయి.