ఇంటి కనెక్షన్

కాల్చిన బుంగమిరపకాయల తొక్క ఒలుస్తుంటే చేతులు మణికట్ల దాకా నల్లబడతాయి. సెప్టెంబరులో మా రూసె ఊళ్ళో ఏ బాల్కనీ చూసినా ఇదే పని, ఇదే పొగ. ఆ సాయంత్రం నేనూ మా అత్తగారు త్సొంకా చెరో గిన్నె ముందేసుకుని కూర్చున్నాం. ఆఫీసు నుంచి వచ్చిన నా భర్త ఓగ్నియన్ బూట్లైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "నెవెనా, ఇంట్లో ఏం నడుపుతున్నావు నువ్వు?" అన్నాడు.

"ఏం నడుపుతాను? సంసారం."

"వెటకారం వద్దు. ఇంటర్నెట్ కంపెనీవాళ్ళు నాకు ఫోన్ చేశారు. ఇంటి కనెక్షన్ మీద సర్వర్ పెట్టకూడదట. బయట నుంచి ఎంత కావాలంటే అంత తెచ్చుకోవచ్చట గానీ, మనింట్లోంచి బయటికి ఇవ్వకూడదట. శుక్రవారం లోపల తీసెయ్యకపోతే వాళ్ళే దారి మూసేస్తారట."

నాకు నవ్వాగలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నేను చేసిందంతా ఇవ్వడమే. పొద్దున్నే చీజు రొట్టె ఇచ్చాను, ఇస్త్రీ చొక్కా ఇచ్చాను, చేస్తున్న ఉద్యోగం మానేసి ఇచ్చాను, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న రోజున కూడా సూప్ కాచి ఇచ్చాను. అప్పుడు ఒక్కరైనా ఇది నిబంధనలకి విరుద్ధం అనలేదు. నోరు విప్పి నాలుగు మాటలు గుమ్మం దాటించేసరికి నిబంధన గుర్తొచ్చింది.

వాళ్ళు సర్వర్ అంటున్నది వంటింటి పక్కన సామాన్ల గదిలో, ఊరగాయ సీసాల మధ్య గుయ్యిమంటూ ఉండే పాత కంప్యూటరు. దాన్ని నిలబెట్టడం మా పాప నిద్రపోయే మధ్యాహ్నాల్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. "ఆ పెట్టె చోట్లో ఓ వరస సీసాలు పట్టేవి," అని అత్తగారు రోజూ సణిగేవారు. ఆ పెట్టెలో జ్లాతినా మాటలుండేవి. జ్లాతినా మా ఎదురు బిల్డింగులో ఉంటుంది, కుట్టు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. నేనూ ఒకప్పుడు అక్కడ ప్యాకింగులో ఉన్నదాన్నే. అక్కడ షిఫ్టు నడుస్తున్నంతసేపూ ఆడవాళ్ళ బాత్రూముకి తాళం, తాళంచెవి సూపర్‌వైజరు జేబులో. కడుపుతో ఉన్న జ్లాతినా ఒంట్లో బాగోలేదని తాళంచెవి అడిగింది. విరామం దాకా ఆగమన్నాడు. ఆగింది. బిడ్డ పోయింది. ఆ సంగతి పెద్ద సైటులో రాస్తే, అసలు మా దగ్గర తాళమే లేదు, ఇదంతా కట్టుకథ అని ఫ్యాక్టరీ ఫిర్యాదు చేసింది. సైటువాళ్ళు ఆ రాతని, కింద తోటివాళ్ళు రాసిన మాటలతో సహా తుడిచేశారు. జ్లాతినా నాకు ఫోన్ చేసి ఏడవలేదు. "అక్కా, నాకసలు ఏమీ జరగనట్టే ఉంది," అంది. దానికంటే ఏడ్చినా బాగుండేదనిపించింది. ఆమె ఫోనులో మిగిలిన కాపీని తెచ్చి, ఎవరైనా చూసి రాసేలా మా పెట్టెలో ఒక పేజీగా పెట్టాను. తర్వాత ఇంకొకామె రాసింది, ఆమెని చూసి మరొకామె. భయం కదా, అందరూ కింద 'ఒక స్త్రీ' అనే రాసేవారు.

ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, కనెక్షన్ మీవారి పేరున ఉంది. ఒకసారి ఆయన్ని పిలుస్తారా?"

"పెట్టె నాది. మాట్లాడేది నేను."

"కావచ్చు మేడమ్. కానీ మా రికార్డులో మీరు లేరు. సర్వర్ కావాలంటే వ్యాపార కనెక్షన్ తీసుకోవచ్చు, కాకపోతే అది కూడా సారే అడగాలి."

ఓగ్నియన్ అడగనన్నాడు. "మీ ఆడవాళ్ళ ఏడుపులకి నా పేరెందుకు? రేపు ఆ ఫ్యాక్టరీవాళ్ళు కోర్టుకి లాగితే నువ్వొస్తావా?" వస్తానన్నాను. వినిపించుకోలేదు.

శుక్రవారం ఇంటర్నెట్ కంపెనీవాళ్ళు అన్నంత పనీ చేశారు. టీవీ వస్తోంది, పాటలొస్తున్నాయి, ప్రపంచమంతా మా ఇంట్లోకి వస్తూనే ఉంది. మా పెట్టె దగ్గరికి మాత్రం ఎవరూ రాలేరు. అది పాపం ఏమీ తెలియక గుయ్యిమంటూనే ఉంది. ఈ రెండోసారి జ్లాతినా నోరు మూతపడడానికి నేనే కారణమయ్యాననిపించి, ఆ మాట ఎదురుగా చెప్పాలని ఎదురు బిల్డింగు మెట్లెక్కాను.

జ్లాతినా స్టవ్ దగ్గర పాలు దించి, వేలు ముంచి వేడి చూస్తోంది. "రా అక్కా, తోడు పెట్టేసి వస్తా." నేను గుమ్మంలోనే చెప్పేశాను, పోయింది, అంతా పోయింది అని. ఆమె పాలల్లో చెంచాడు పెరుగు కలిపి, గిన్నె మీద దుప్పటి కప్పి, అప్పుడు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. మా పేజీ. తను రాసింది మొదట్లోనే ఉంది.

"ఇదెక్కడ నుంచి వస్తోంది?"

"మా మంచం కింద నుంచి," అని నవ్వింది. "పోయిన నెల మాకందరికీ కాపీ చేసుకోవడం నేర్పావుగా, మర్చిపోయావా? పెరుగు తోడు ఎవరైనా ఒక్క గిన్నెలోనే ఉంచుకుంటారా అక్కా? మనది పాడైతే పక్కింట్లో ఉంటుందనే కదా అడిగినవాళ్ళందరికీ చెంచాడు పోస్తాం."

"నీదీ ఇంటి కనెక్షనే కదే. నీదీ మూసేస్తారు."

"మూయనీ. అప్పటికి ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటావిడ ఇంట్లో ఇంకో కాపీ ఉంటుంది. ఆవిడ ఇంకెవరికిచ్చిందో నన్నడక్కు, నాకూ తెలీదు."

ఆ పేజీ కిందికి జరుపుతూ పోయాను. మా పెట్టె మూగబోయిన తర్వాత రాసినవి. వర్నా ఊరి నుంచి హోటల్లో పక్కలు సర్దే మనిషి. ఏదో పల్లెటూరి టీచరు. తోటల్లో ద్రాక్ష కోసే ఆమె. నేనెన్నడూ చూడనివాళ్ళు, నా పెట్టె ఉందని కూడా తెలియనివాళ్ళు. ఎవరు నేర్పారు వీళ్ళకి? ఎవరి వంటింట్లోంచి ఎవరి వంటింట్లోకి వెళ్ళిందిది? ఇన్నాళ్ళూ నేనేదో కాపలా కాస్తున్నాననుకున్నాను. ఇంత పెద్దదానికి నేను కాపలా ఏమిటి? కిటికీలోంచి చూస్తే వరసలు వరసలుగా బిల్డింగులు, అన్నిటి బాల్కనీల్లోనూ నల్లచేతుల ఆడవాళ్ళు. వాళ్ళలో ఎవరి మంచం కిందైనా ఆ మాటలుండొచ్చు. చర్చిలో ఎప్పుడూ కలగని భక్తి నాకక్కడ, కాగిన పాల వాసనలో కలిగింది.

ఇంటికొచ్చేసరికి ఓగ్నియన్ భోజనానికి కూర్చున్నాడు. "తీసేశారుగా. ఇక ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అయినా ఆ పిల్లా కట్టుకథలూ! తాళమట తాళం," అని రొట్టె విరిచాడు.

అత్తగారు గరిటె కింద పెట్టారు. "తాళం ఉంది," అన్నారు.

"నీకేం తెలుసమ్మా?"

"పెన్షన్ వచ్చేదాకా నేను కుట్టింది అక్కడే కదరా. నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆ తలుపు ముందు నిలబడి బట్టలు తడుపుకున్నాను. అందరూ చూశారు. నలభయ్యేళ్ళయింది, మీ నాన్నకి కూడా చెప్పలేదు." ఆవిడ కొడుకు వైపు చూడకుండా కుర్చీ నా పక్కకి లాక్కున్నారు. "నేను చెబుతాను, నువ్వు రాయమ్మాయ్. ఎదురింటి పిల్ల దగ్గర పెట్టించు."

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. ఆవిడ చెప్పారు, నేను రాశాను. చివరికొచ్చాక అలవాటు కొద్దీ 'ఒక స్త్రీ' అని కొట్టాను. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చదివి, తల అడ్డంగా ఊపారు.

"అది చెరిపెయ్. త్సొంకా స్తొయనొవా, కుట్టు విభాగం అని రాయి."